చూరు మీద నవ్విన అక్క

మొసలి నోట్లోంచి ప్రాణాలతో బయటపడ్డ మాలెకుడికి, మొసలి కోరలకంటే సున్నమే ఎక్కువ మండుతుందని ఆ ఉదయం దాకా తెలియదు.

తల మొదలు కాలిగోళ్ళ దాకా తెల్లగా సున్నం పూసుకుని, భుజాన కుంచెల కట్ట, చేత బొక్కెన పట్టుకుని, హేలాపురి ఉత్తరద్వారం ముందు వరుసలో నిలబడ్డాడు. వీపు మంట, చంకలు మంట, చెవుల వెనక మరీ మంట. గోక్కుంటే సున్నం రాలుతుంది. రాలితే కింద నల్లని ఒళ్ళు బయటపడుతుంది. అది బయటపడితే తల ఎగిరిపోతుంది. అందుకని పళ్ళు బిగించి, కూనిరాగం తీస్తూ నిలబడ్డాడు.

"ఎక్కడికిరా?" అన్నాడు ద్వారపాలకుడు.

"నాట్యమండపం ప్రహరీకి సున్నం కొట్టడానికండి."

"పొద్దున్నే పన్నెండుమంది పోయారు. నీకు ఇప్పుడు తెల్లవారిందా? సరే, పో. వానొచ్చేట్టుంది, తొందరగా కానియ్యి."

వాన అనే మాట వినగానే మాలెకుడు ఆకాశం వంక చూశాడు. తొలివాన పడితే రెండు ప్రమాదాలు. ఒకటి, వాడి వేషం కరిగిపోతుంది. రెండోది చెప్పాలంటే నెల కిందటి ముచ్చట చెప్పాలి.

మాలెకుడిది సముద్రానికి దక్షిణాన ఉన్న కుశద్వీపం. వాళ్ళమ్మ అక్కడి రాణిగారికి జడలల్లే మనిషి. ఆ దేశంలో జడంటే వీపు మీద వేలాడే జడ కాదు. వెంట్రుకల్ని పాయలు పాయలుగా తీసి, ఒక్కొక్క పాయనీ వేలి చుట్టూ తిప్పి, నత్తగుల్లంత చుట్టగా బిగిస్తారు. తలంతా అలాంటి చుట్టలు నూరో, నూట ఇరవయ్యో. మాలెకుడు ఆ విద్యలోనే పెరిగాడు. అక్క అమనీర మాత్రం దువ్వెన పారేసి ఓడ చుక్కాని పట్టింది. ఏనుగు దంతం, సాంబ్రాణి ఓడ నిండా వేసుకుని హేలాపురి రేవులో దిగింది. రాజు విందు చేశాడు. ఆ విందులో ఆస్థాన మాంత్రికుడు పింగళాక్షుడు తన ప్రతాపం చూపిస్తానంటూ ఒక మేకని సింహంగా మార్చాడు. జూలు, పంజాలు, కోరలు, అన్నీ సింహానివే. సభ గడగడ వణికింది. అప్పుడా సింహం ఠీవిగా నోరు తెరిచి, "మే..." అంది.

అమనీర నవ్వింది. ఆమె నవ్వితే నాలుగు ఓడల అవతలికి వినిపిస్తుందని రేవులన్నింటా పేరు. ఆమెని చూసి సభంతా నవ్వింది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజుని ఏమీ అనలేని పింగళాక్షుడు అమనీర మీద విరుచుకుపడ్డాడు.

"అంత బాగుందా నీ నవ్వు? ఊరంతా చూసేట్టు చూరు మీద పెడతాను. తొలివానకి కరిగి కాలవలో కలిసిపోదువుగాని!"

కన్ను మూసి తెరిచేలోగా అమనీర తల పచ్చిమట్టి బొమ్మ అయి నాట్యమండపం చూరెక్కింది. మర్నాటి నుంచి కుశద్వీపం వాళ్ళ నీడ కూడా నగరంలో పడరాదని దండోరా వేశారు. రాజు గుటకలు మింగి ఊరుకున్నాడు. మాంత్రికులంటే రాజులకీ భయమే.

ఆ కబురు విన్న రోజునే మాలెకుడు బయలుదేరాడు. మొసళ్ళ మడుగు దాటాడు. ఇదిగో, ఇప్పుడు సున్నం పూసుకుని నగరంలో అడుగుపెట్టాడు.

ఎంత తొందరలో ఉన్నా హేలాపురి అందం చెప్పకుండా దాటేస్తే నాకు పాపం చుట్టుకుంటుంది. ఆ నగరం ఏడు మెట్లుగా సముద్రం దాకా దిగి ఉంది. మెట్టుమెట్టుకీ పాలరాతి మేడలు, మేడమేడకీ నీలం, ఎరుపు, బంగారు రంగుల పట్టీలు. స్తంభాల తలల మీద రాతి ఆకులు విచ్చుకుని, గాలి వీస్తే కదులుతాయేమో అనిపిస్తాయి. వీధి మలుపుల్లో సింహం నోళ్ళలోంచి నీళ్ళు దూకుతాయి. ద్రాక్షతీగల నీడన తేనె రొట్టెలు అమ్ముతారు. వాటన్నిటికీ మకుటం నడిమెట్టు మీది నాట్యమండపం. దాని ఎర్రపెంకుల కప్పు చివర, నాలుగు వైపులా, చూరు పొడవునా, వరసగా మనిషి తలంత మట్టి తలలు! నేరేడుపండు నిగనిగల ముఖాలు, శంఖంలా తెల్లని కళ్ళు, ఎర్రని నిండు పెదవులు, నెత్తి నిండా చుట్టలు చుట్టలుగా జడలు. ప్రతి ముఖానా నవ్వు. వైపుకి పన్నెండు చొప్పున నలభై ఎనిమిది తలలు. అన్నీ కుశద్వీపం వాళ్ళవే.

మాలెకుడు నడివీధిలో నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఛాతీ పొంగింది. పరాయి దేశంలో, ఆకాశం అంచున, తనవాళ్ళు! ఆ ముక్కు తమ వీధి చేపలవాడి ముక్కులా ఉంది, ఆ గడ్డం మేనత్త గడ్డంలా ఉంది. కాని వీటిలో అక్క ఏది? అదీగాక, ఆ తలల్ని చూస్తున్నకొద్దీ చేతివేళ్ళు జిలపెట్టసాగాయి. ఆ జడల్లో ఏదో తేడా ఉంది. ఏమిటో అంత దూరాన్నుంచి అంతుపట్టలేదు.

అంతలో ఎవరో వాడి చెవి పట్టుకుని మెలేశారు.

"సున్నం కొట్టేవాడివైతే కుంచెలు తలకిందులుగా మోస్తావుట్రా?"

తిరిగి చూస్తే ఒక ముసలమ్మ. మోచేతుల దాకా మట్టి. పక్కన గడ్డిబండి, బండికి ఒక బలిసిన గాడిద. చెవి వదిలి ఆమె తన వేళ్ళు చూసుకుంది. వేళ్ళకి సున్నం అంటింది. వాడి చెవి నల్లగా మెరిసింది.

ముసలమ్మ గబగబా బండిలోంచి గోనెపట్టా తీసి వాడి నెత్తిన కప్పింది. "ఎక్కు. నోరు మూసుకుని ఎక్కు. మహారాజా, పద నాయనా!"

మాలెకుడు అదిరిపడి, "మహారాజు కూడా ఇక్కడే ఉన్నాడా!" అన్నాడు పట్టా కిందనుంచి.

"ఉండకేం? బండి లాగేది వాడే. ముప్పొద్దులా తింటాడు, తోచినప్పుడు నడుస్తాడు, ఎవరి మాటా వినడు. మరింకేం పేరు పెట్టమంటావు?"

గాడిద ఆ పొగడ్త విని ఒకసారి చెవులు ఆడించి, తోచింది గనక నడిచింది.

ఆమె దోరిద అవ్వ. మూడు తరాలుగా హేలాపురి చూరుబొమ్మలన్నీ ఆ ఇంటి కుమ్మరి ఆవంలోనే కాలాయి. ఇంటి నిండా అచ్చులు, అరల నిండా ఆరబెట్టిన తలలు. మాలెకుడు తన గోడు చెప్పుకుంటుంటే అవ్వ కళ్ళొత్తుకుంది. తర్వాత కోపంతో మట్టిముద్దని పీటకేసి కొట్టింది.

"పైన చూరు నిండా మీవాళ్ళ ముఖాలు కావాలి. కింద వీధిలో మాత్రం మీవాళ్ళు వద్దు! ఇదెక్కడి న్యాయంరా నాయనా? మా మామగారు పడుచువయసులో రేవులో మీ ఓడవాళ్ళని చూసి, ఇంత కళగల ముఖాలు చూరు మీదుంటే ఇంటికి దిష్టి తగలదని ముచ్చటపడి చేశారు. ఆ ముచ్చట ఆ పింగళాక్షుడి వల్ల ఇలా అయింది."

"అవ్వా, కాలిన తలల్లో పచ్చితల ఏదో తెలుసుకోవడం ఎంతసేపు? వేలితో కొడితే సరి. కాలింది మోగుతుంది, పచ్చిది మోగదు."

"కొట్టావా, చచ్చావే! ప్రతి మంత్రానికీ ఒక కిటికీ వదలాలి, లేకపోతే మాంత్రికుడికే ఊపిరాడదు. వాడు వదిలిన కిటికీ ఏదో వాడే వీధుల్లో గొప్పగా చెప్పుకున్నాడు, ఇదీ: మీ అక్క తలని అయినవాళ్ళు తాకితే ప్రాణం వస్తుంది. కాని ముందు ఆ చూరు మీది వేరే తలని తాకినవాడు అక్కడికక్కడే మట్టి తల అయిపోతాడు. ఒక్క తాకుడే నీకు, కర్రతో తట్టినా రాయి విసిరినా తాకుడే. ఒళ్ళు సంగతంటావా, అది నాకూ తెలియదు. వాడు పైకెక్కించింది తలనొక్కటే."

"ముందు తల దక్కనీ అవ్వా. అక్క ముఖం నాకు తెలియదా?"

"తెలియదురా. మంత్రం పెట్టి ఆ ముఖాన్ని కూడా మా అచ్చు ముఖంలాగే చేశాడు. అదే ముక్కు, అదే నవ్వు. చేసినదాన్ని నేనే పోల్చుకోలేకపోతున్నాను."

మాలెకుడికి ఏడుపొచ్చింది. ఏడిస్తే సున్నం కారుతుందని ఆపుకున్నాడు. ఏదో ఒకటి చెయ్యాలని అరలో ఉన్న తలనొకదాన్ని దగ్గరికి తీసుకుని, దాని జడల మీద వేలు పెట్టాడు. వేలు చుట్ట వెంబడి తిరగబోయి ఆగిపోయింది.

"అవ్వా! ఇది ఎడమచుట్టు!"

"అంటే?"

"మా దేశంలో బతికున్న మనిషికి కుడిచుట్టే చుడతారు, శంఖంలాగా. ఎడమచుట్టు ఎప్పుడు చుడతారంటే..." మాట ఆపి ఆ తల మీదనుంచి వేలు తీసేశాడు. "శవాన్ని సాగనంపేటప్పుడు."

అవ్వ చేతిలో మట్టి జారి పడింది. "ఛీ ఛీ, అదేం మాట! మామగారు ఆ ఓడవాళ్ళని కూర్చోబెట్టి, చూసి చూసి చెక్కారు. ఇదిగో, ఆయన చెక్కిన అచ్చు. చూడు!"

మాలెకుడు అచ్చులోకి తొంగిచూశాడు. నిజమే. అచ్చులో చుట్టలన్నీ కుడిచుట్లే, అమ్మ చేతివేళ్ళు తిరిగినట్టే. వాడు పెద్దగా నవ్వేశాడు.

"అవ్వా, ఆయన చూసింది చూసినట్టే చెక్కారు. అదే పొరపాటు! అచ్చులో కుడి, బొమ్మ మీద ఎడమ అవుతుంది కదా. తిరగేసి చెక్కాలి!"

అవ్వ అచ్చు చూసింది, బొమ్మ చూసింది, మళ్ళీ అచ్చు చూసింది. నేల మీద కూలబడింది.

"మూడు తరాలు! ఎన్ని వందల తలలు! ఒక్కరైనా అనలేదే!"

"మావాళ్ళు మర్యాదస్తులవ్వా. పరాయి ఊళ్ళో తప్పులు పట్టరు."

"అయ్యో, అయ్యో, ఊరందరికీ శుభమని చెప్పి శవాల జడలు అమ్మానుట్రా!" అంటూ అవ్వ నెత్తి కొట్టుకుంది. అంతలో ఆ చెయ్యి నెత్తి మీదే ఆగిపోయింది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"అక్క తల అచ్చులోంచి రాలేదు," అన్నాడు మాలెకుడు మెల్లగా. "పింగళాక్షుడు ముఖం మార్చాడు. జడలు మార్చాలని వాడికి తోచి ఉండదు. వాడు మా జడల వంక ఏనాడైనా చూస్తేగా! ఆ నలభై ఎనిమిదిలో ఏ ఒక్కదానికి కుడిచుట్టు ఉంటుందో అదే మా అక్క!"

గోడ మీద పసుపు కళ్ళ బల్లి ఒకటి కిచకిచమని పలికింది.

"చూశావా! బల్లి కూడా పలికింది. జరిగి తీరుతుంది," అంది అవ్వ నేలని వేలితో తట్టి, సంబరపడిపోతూ.

జరగడం జరుగుతుంది గాని, ఆ బల్లి పలికింది శకునం కాదు. అది పింగళాక్షుడు పెంచుకునే వేగులబల్లి. సంతోషం పట్టలేక ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు. అది కిటికీలోంచి జారి, మాంత్రికుడి గోపురం వైపు పరుగు తీసింది.

మధ్యాహ్నానికి సముద్రం మీద మబ్బులు నల్లగా కమ్ముకున్నాయి. మాలెకుడు మళ్ళీ ఒళ్ళంతా సున్నం దట్టించి, కుంచెలూ సున్నపు బొక్కెనా పట్టుకుని, నిచ్చెన వేసుకుని నాట్యమండపం ఎక్కాడు. ప్రహరీ దగ్గర సున్నం కొడుతున్న పన్నెండుమంది తలలెత్తి, "వీడెవడ్రా, కప్పుకి కూడా సున్నం కొడతాడేమిటి!" అని నవ్వారు. మాలెకుడు చెయ్యి ఊపాడు. కింద దోరిద అవ్వ గడ్డిబండి నిలిపి, ఏమీ ఎరగనట్టు గాడిదకి తౌడు పెడుతోంది.

ఉత్తరం చూరు పొడవునా బోర్లా పాకుతూ, ముట్టుకోకుండా, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి ఒక్కొక్క తలనీ చూశాడు. ఎడమచుట్టు. ఎడమచుట్టు. పన్నెండూ ఎడమచుట్టే. తూర్పు చూరు చూశాడు. అక్కడా అంతే. దక్షిణం చూరుకి వచ్చేసరికి గాలి విసురు పెరిగింది. ఒక పెంకు వాడి మోకాలి కింద జారి, గిరగిరా తిరుగుతూ వెళ్ళి కింద పగిలింది. దాని వెంట వాడూ జారాడు. కాళ్ళు చూరు దాటి గాల్లో వేలాడాయి. చెయ్యి చాస్తే అందేది తల ఒక్కటే. తాకితే మట్టి, తాకకపోతే మట్టిపాలు! మాలెకుడు కుంచెల కట్టని రెండు పెంకుల సందులో గుచ్చి, దాన్ని పట్టుకుని పైకి లాక్కున్నాడు. "తలకిందులుగా పట్టుకుంటే ఏం, పనికొచ్చింది," అనుకున్నాడు.

ఇక మిగిలింది పడమటి చూరు, సముద్రం వైపుది. ఒకటి, రెండు, మూడు, ఎడమచుట్టే. ఏడో తల దగ్గర వాడి గుండె గంతులేసింది. కుడిచుట్టు! చెయ్యి చాచబోయి, ఎందుకో ఎనిమిదో దాని వంక చూశాడు.

అదీ కుడిచుట్టే.

"ఏమైంది, ఆగిపోయావే?" అని పైనుంచి ఒక గొంతు వినిపించింది. కప్పు నడినెత్తిన, కాలు మీద కాలు వేసుకుని, రాగిరంగు గడ్డంతో పింగళాక్షుడు కూర్చుని ఉన్నాడు. వాడి భుజం మీద పసుపు కళ్ళ బల్లి. "బల్లి వచ్చి చెప్పేసరికి పొద్దెక్కింది. వేసిన మంత్రాన్ని నేను కదపలేను, నిజమే. కాని కాలిన తలనొకదాన్ని తిప్పి చుట్టడానికి అడ్డేముంది? వ్యవధి ఉంటే నలభై ఏడూ చుట్టేవాణ్ణి. అయినా ఎందుకంత బాధ? మీ ముఖాలన్నీ ఒకటే కదా! ఏదో ఒకటి పట్టుకో."

"మీ ఊళ్ళో ఎర్రగడ్డాలు ఎన్నున్నా," అన్నాడు మాలెకుడు, "మేకకీ నీకూ తేడా నేను చెప్పగలను. మేక చక్కగా 'మే' అంటుంది."

మాట తీరు బాగానే ఉంది గాని, లోపల ప్రాణం గిలగిల్లాడుతోంది. ఏడో తల నవ్వుతోంది. ఎనిమిదో తల నవ్వుతోంది. అదే ముక్కు, అదే నవ్వు, అవే చుట్టలు. చిన్నప్పుడు తనని చంకనెక్కించుకుని రేవంతా తిప్పిన అక్క ఈ రెండింటిలో ఒకటి. తనకే తెలియడం లేదు. వాడికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

అప్పుడు సముద్రం మీదనుంచి వాన వచ్చింది.

అది ఒక్కసారిగా రాలేదు. చూరు ఆ చివరనుంచి, పన్నెండో తల మీద మొదటి చినుకు పడింది. ఠంగ్! పదకొండో తల మీద. టింగ్! కాలిన మట్టి ఒక్కొక్కటీ ఒక్కొక్క స్వరం పలుకుతూ, జలతరంగం వాయిస్తున్నట్టు వాన చూరు వెంబడి ఇటే నడిచొస్తోంది. పదో తల, తొమ్మిదో తల. మాలెకుడు నెల రోజులుగా ఏ వానకి భయపడి పరిగెత్తుకొచ్చాడో, ఇప్పుడు ఆ వానకోసమే ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గాడు. పింగళాక్షుడికి అర్థమయ్యేసరికి ఆలస్యమైంది.

ఎనిమిదో తల మీద చినుకు పడింది. ఠంగ్!

ఏడో తల మీద చినుకు పడింది. చప్పుడు లేదు. బుగ్గ మీద చిన్న గుంట పడి, దానిలోంచి సన్నగా బురద జారింది.

"అక్కా!" అంటూ మాలెకుడు రెండు చేతులా ఏడో తలని వాటేసుకుని, వీపుతో వానకి అడ్డం పడ్డాడు.

చేతుల్లో చల్లని మట్టి వెచ్చబడింది. కనురెప్పలు ఆడాయి. నెల రోజులుగా గొంతులో ఇరుక్కుపోయిన నవ్వంతా ఒక్కసారి కట్ట తెంచుకుని బయటికొచ్చింది. నాలుగు ఓడల అవతలికి వినిపించే నవ్వు అది. నాట్యమండపం స్తంభాలన్నీ మారుమోగాయి.

"ఒరేయ్ తమ్ముడూ!" అంది అమనీర తల, నవ్వుతో ఉక్కిరిబిక్కిరవుతూ. "అదేం వేషంరా? పిండిలో పడ్డ ఎలకలా ఉన్నావు!"

"ఇంకెంతసేపులే అక్కా," అన్నాడు మాలెకుడు, ఏడుస్తూ నవ్వుతూ. వాన వాడి నెత్తిన పడి, సున్నం పాలలా కారి, నల్లని ముఖం నిగనిగలాడుతూ బయటపడింది. కింద జనం కేకలు పెట్టారు. "సున్నంవాడు కరిగిపోతున్నాడు!" "కాదురా, చూరుబొమ్మకి కాళ్ళొచ్చాయి!" ఒకడు చప్పట్లు కొట్టాడు. వాణ్ణి చూసి పదిమంది కొట్టారు. హేలాపురి జనానికి వింత కనబడితే ఎవరి పక్షమో ఆలోచించే అలవాటు లేదు.

పింగళాక్షుడు చేతులు విదిల్చి డేగగా మారాడు. గొడ్డలంత గోళ్ళు చాపి అమనీర తల మీదికి దూకాడు. మాలెకుడు ఒక చేత్తో అక్కని పొట్టకి అదుముకుని, రెండో చేత్తో పక్కన పెట్టిన సున్నపు బొక్కెన ఎత్తి, దాని కళ్ళలోకి గురిచూసి కుమ్మరించాడు. వానా సున్నమూ కలిసి బుసబుస పొంగాయి. మొసలి కోరలకంటే సున్నమే ఎక్కువ మండుతుందని ఆ రోజు రెండోవాడికి కూడా తెలిసొచ్చింది. డేగ గుడ్డిగా గిరికీలు కొడుతూ, స్తంభానికి ఒకసారి, ధ్వజానికి ఒకసారి గుద్దుకుని, రేవు వైపు పడుతూ లేస్తూ ఎగిరిపోయింది. బల్లి తోక మాత్రం కప్పు మీద వదిలేసి ఎటో పోయింది.

"దూకరా నాయనా!" అని అరిచింది కిందనుంచి దోరిద అవ్వ.

మాలెకుడు దూకాడు. గడ్డిలో నడుం లోతు కూరుకుపోయాడు. అవ్వ గోనెపట్టా కప్పి, తన కొంగుతో అమనీర ముఖం తుడిచి, "నా తల్లే, మా అచ్చు ముఖం పోయి నీ ముఖం వచ్చేసింది. ఎంత కళ!" అంటూ మెటికలు విరిచింది. నిజంగానే అచ్చు ముఖం జారిపోయి, అక్క ముఖం అక్క ముఖంలా అయింది. ఒక్కటే కొత్త. చినుకు పడ్డచోట ఎడమ బుగ్గన సొట్ట నిలిచిపోయింది.

"రక్షకభటులొస్తున్నారవ్వా!"

"రానీ! మహారాజా, హై!"

గాడిదకి పిడుగంటే భయం. సరిగ్గా అప్పుడే ఒక పిడుగు పడింది. ఇక చూడండి దాని పరుగు! ఏడు మెట్ల నగరంలో నాలుగో మెట్టు మీదనుంచి మూడో మెట్టుకి, మూడోదాన్నుంచి రెండోదానికి బండి ఎగిరెగిరి పడుతూ దూసుకుపోయింది. తేనె రొట్టెల బుట్టలు ఎగిరాయి. ద్రాక్షతీగల పందిరి ఒకటి బండికి తగులుకుని వెంట వచ్చింది. ముందు వీధిలో పదిమంది భటులు ఈటెలు అడ్డం పెట్టి నిలబడ్డారు. దోరిద అవ్వ బండి మీద లేచి నిలబడి, గొంతు చించుకుని అరిచింది.

"తప్పుకోండి, తప్పుకోండి! మహారాజు వస్తున్నాడు!"

భటులు ఉలిక్కిపడి ఈటెలు దించి, వీధికి రెండు పక్కలా మోకాళ్ళ మీద వాలి తలలు వంచారు. బండి వాళ్ళ మధ్యనుంచి రివ్వున దూసుకుపోయింది. తలలెత్తి చూస్తే దూరాన గాడిద తోక కనిపించింది. నాయకుడు కాసేపు ఆలోచించి, "ప్రభువులు మారువేషంలో వెళ్ళారు. ఎవరూ నోరెత్తకండి," అన్నాడు.

గడ్డిలో అమనీర తల నవ్వి నవ్వి దగ్గింది. "అంతా బాగుందిగాని తమ్ముడూ, నన్ను ఎలా పోల్చావురా?"

"అమ్మ చుట్టిన జడ చూసి సగం. నువ్వు మోగలేదని సగం."

అమనీర నవ్వు ఆగింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "ఆ చినుకు పడ్డప్పుడు చచ్చాననుకున్నానురా. పైనుంచి నిన్ను చూస్తూనే ఉన్నాను, పిలవలేకపోయాను," అంది. వెంటనే ముక్కు ఎగబీల్చి, "బుగ్గ మీద ఏదో చల్లగా ఉంది, ఏమిటది?" అని అడిగింది.

"సొట్ట పడిందక్కా."

"నిజంగా? సొట్టబుగ్గ ఒక్కటే తక్కువైందని అమ్మ ఎప్పుడూ అనేది కదరా!" అని మురిసిపోయి, మళ్ళీ ముఖం చిట్లించింది. "బుగ్గ సంగతి సరే. మెడ కింద గడ్డి గుచ్చుకుంటుంటే గోక్కుందామని చూస్తున్నాను. చెయ్యి రావడం లేదు. తమ్ముడూ, నా ఒళ్ళేదిరా?"

మాలెకుడు అవ్వ వంక చూశాడు. అవ్వ ఆకాశం వంక చూసింది. బండి అప్పుడే రేవులోకి మలుపు తిరిగింది.

రేవులో ఓడలన్నీ వానకి తెరచాపలు దించేసుకున్నాయి. ఒక్క ఓడ మాత్రం నల్లని చాప ఎత్తి, అలల్ని చీల్చుకుంటూ బయటికి పోతోంది. దాని తెరచాప కొయ్య మీద సున్నం కళ్ళ డేగ కూర్చుని కళ్ళు నలుపుకుంటోంది. వెనక చుక్కాని దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పసుపు ఓణీ, ఇత్తడి కడియాలు, ఒక చెయ్యి చుక్కాని మీద, ఒక చెయ్యి నడుం మీద. మెడ పైన ఏమీ లేదు.

"నడుం మీద చెయ్యి!" అని కేక పెట్టింది అమనీర. "అది నేనే! ఆ దొంగవెధవ నా ఒంటిచేత ఓడ నడిపించుకుంటున్నాడు! అయినా చూడరా, తల లేకపోయినా ఎంత తిన్నగా నడుపుతున్నానో!"

ఓడకీ రేవు వంతెన కొసకీ మధ్య పది మూరల నీళ్ళు. పదకొండు. పన్నెండు. ఓడ వెనక ఒక తాడు నీళ్ళలో ఈడ్చుకుపోతోంది. మాలెకుడు అక్కని గోనెపట్టాలో చుట్టి ఛాతీకి కట్టుకున్నాడు. "అవ్వా, వంతెన కొసన బండి ఆపు, నేను తాడు మీదికి దూకుతాను."

"ఆపుతానులే నాయనా," అని అవ్వ పగ్గాలు గుంజింది. మళ్ళీ గుంజింది. రెండు కాళ్ళూ తన్నిపెట్టి గుంజింది.

వెనక మరో పిడుగు పడింది. వంతెన అయిపోయింది. బండీ, గడ్డీ, ద్రాక్షపందిరీ, అవ్వా, తమ్ముడూ, తమ్ముడి ఛాతీ మీద పగలబడి నవ్వుతున్న అక్కా, అందరూ కలిసి గాల్లోకి లేచారు. మహారాజు ఎవరి మాటా వినడని ముసలమ్మ ముందే చెప్పింది.